శాలువా ఉండగా ఉద్యోగమెందుకప్పా?

కష్టపడేటోళ్ళకి ఉద్యోగాలియ్యకూడదు. శాలువాలియ్యాల. నవ్వులాటకి చెప్పే మాట కాదిది.

కష్టపడితే పైకొస్తారని పెద్దోళ్ళు ఊరికే అన్లేదు. మా కడప జిల్లాలో కష్టపడినోళ్ళందర్నీ పైకే పిలుస్తాండారు. స్టేజీ పైకి! శాలువా కప్పుతారు, ఫోటో తీస్తారు, చప్పట్లు కొడతారు, మళ్ళా దిగమంటారు. దిగకుండా ఆడ్నే నిలబడితే వెనకాలోళ్ళు ఎట్ల పైకి రావాల?

సమాన అవకాశాలు లేవని ఏడ్సేటోళ్ళని ఒకటే అడుగుతాండా. శాలువాకి రెండు కొసలుంటాయా లేదా? ఆ కొసలు పట్టుకునే అవకాశం పెద్దింటోళ్ళకి. నడుమ దూరే అవకాశం మనకి. ఇంతకంటే సమానంగా ఎవురు పంచుతారప్పా?

పైగా మా ఎండల సంగతి మీకు తెలుసు. ఏప్రిల్ నెల్లో గండికోట రాళ్ళ మీద టూరిస్టులు దోసెలు పోసుకుంటాండారు. ఆ ఎండలో శాలువా కప్పితే ఎట్లుంటాది? కష్టపడేటప్పుడు కారిన చెమటంతా మళ్ళా కారతాది. మన కష్టం మనకి తిరిగొచ్చేసినట్లే గదా!

పులివెందుల వలి బాషానే తీసుకోండి. కానుగ చెట్టు కింద కూర్చోని బోరు మోటర్లు రిపేరు చేస్తాడు. కొత్త కాంప్లెక్సులో ఒక రూము ఇప్పించండప్పా అని అడిగితే, పిలిచి శాలువా కప్పినారు. ఇప్పుడు అదే చెట్టు కింద ఆ శాలువా పరుచుకోని మోటర్లు విప్పుతాండాడు. రూము ఇచ్చింటే మడిచి సంకలో పెట్టుకోని ఇంటికి తీసకపోయేదానికి అయితాదా?

ఇంగ జమ్మలమడుగు ప్రశాంతి. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు మొత్తం ఆ యమ్మే చూస్తాది. ఉద్యోగం మాత్రం టెంపరరీ. వాళ్ళమ్మ సారమ్మ పత్తిచేన్లలో కూలికి పోయి చదివించింది. ఏటా కాలేజీ డే నాడు ప్రశాంతికి ఒక శాలువా. ఇంట్లో టీవీకి శాలువా, మిక్సీకి శాలువా, కిటికీకి శాలువా. ఆఖరికి మేకకి గూడా కప్పినారు. ఆ మేకిప్పుడు సన్మానం చేస్తే గాని గడ్డి ముట్టదు!

“మేయ్, ఈసారన్నా పర్మనెంటు చేస్తారంటనా?” అనడిగింది సారమ్మ.

“చేస్తారంట మా.”

“పోయినేడూ ఇదే చెప్పినావు. మేక ఇంగొకటి మోయలేదు, చెప్తాండా!”

ల్యాబు ఇన్‌ఛార్జి పోస్టు పడింది. నోటీసు అంటించే లోపలే దాని మీద టవలు గూడా పడింది. అర్థం కాలేదా? ప్రొద్దుటూరు బస్టాండుకి పోయి చూడండి. బస్సు ఆగకముందే కిటికీలోంచి టవలేస్తారు. టవలు ఎవురిదో సీటు వాళ్ళది. అంతే. కలెక్టరు వచ్చినా నిలబడి పోవాల్సిందే! ఈ పోస్టు మీద పడింది కాలేజీ కరస్పాండెంట్ నారాయణ సారు టవలు. వచ్చి కూర్చునింది ఆయన భార్య తమ్ముని కొడుకు నరేష్.

ప్రశాంతి పోయి అడిగింది. సారు శానా ప్రేమగా చెప్పినాడు.

“నీకేంది మ్మా! కష్టపడేది తెలుసు, యాడైనా బతుకుతావు. మా వానికి ఏమొచ్చు చెప్పు? పని రానోనికే గదా ఉద్యోగం అవసరం!”

ఎంత దయగల మనిషి! వింటాంటే నాకి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

నరేష్ మాత్రం తక్కువ కష్టపడినాడా? పొద్దన్నే వచ్చి ఫ్యాను కింద కుర్చీలో కూర్చోని గుండ్రంగా తిరుగుతాడు. తల తిరిగితే సెలవు పెడతాడు. వానికి పని నేర్పిచ్చినందుకు ప్రశాంతికి ఈ ఏడు జరీ శాలువా!

ఈడిదాకా అంతా బాగానే ఉండింది. ఆ యమ్మి దాన్ని మేకకి కప్పింటే నేను ఈ రాత ముగిచ్చి నిద్రపోయేవాణ్ణి. కప్పలేదు. మర్సనాడు పొద్దన్నే, నరేష్ రాకముందే, ల్యాబు కిటికీలోంచి చెయ్యి పెట్టి శాలువాను కుర్చీ మీదికి ఇసిరింది. తర్వాత నిదానంగా తలుపు తీసుకోని వచ్చి కూర్చునింది.

“ఏంది మేయ్ ఇది?” అన్నాడు నరేష్.

“శాలువా ఏసినా గదన్నా, కనపడ్లా?”

నారాయణ సారు ఉరుక్కుంటా వచ్చినాడు. కుర్చీ చూసినాడు, శాలువా చూసినాడు. ఆయన గూడా ప్రొద్దుటూరు బస్సులెక్కి పెరిగిన మనిషే. నరేష్‌నే పక్కకి జరగమన్నాడు. కిటికీ కాడ పిల్లోళ్ళు ఊరుకున్నారా? “యక్కే ముందు ఏసింది సార్, మేం చూసినాం!” అని సాక్ష్యం గూడా చెప్పినారు.

అందుకే నా మాట వెనక్కి తీసుకుంటాండా. పెద్దోళ్ళకి చేతులెత్తి మొక్కుతాండా. శాలువాలు ఇప్పుడే ఆపేయండి! మీరు కప్పినయి ఇంటింటికీ ఉండాయి. అందరూ కిటికీల్లోంచి ఇసిరేది మొదలుపెడితే మీ టవళ్ళ గతేంది?

ఇది రాస్తాండగా తెలిసిన సంగతి ఇంగొకటుంది. నరేష్ ఆ కుర్చీ పక్కనే, బస్సులో కమ్మీ పట్టుకున్నట్ల బీరువా పట్టుకోని నిలబడుకున్నాడంట. మధ్యాన్నం దాకా ఓర్చుకోని, ఆఖరికి వంగి మెల్లగా అడిగినాడంట.

“యాడ దిగుతావు మ్మా?”

“రిటైర్మెంటు కాడ అన్నా.”