గుట్టకు చెందిన దుమ్ము

మానవజాతి చరిత్రలో చెత్తకు ఇంతటి గౌరవం ఏనాడూ దక్కలేదు. మూతపడ్డ బొగ్గుగని పక్కన, పనికిరాని రాయీ మట్టీ పోయగా పోయగా పెరిగిన గుట్టను బుధవారం దాకా అందరూ చెత్తగానే చూశారు. గురువారం పొద్దున పదిన్నరకు అది పారిశ్రామిక వారసత్వ సంపద అయింది. (గుట్టకు ముందుగా తెలియజేయలేదు.)

చూసొద్దామని మా మామగారు నన్ను బయల్దేరదీశారు. ఆయన ఆ గుట్ట మీద ముప్పయ్యొక్క ఏళ్లు, గనిలోంచి పట్టాల మీద వచ్చే మట్టి తొట్లు బోర్లించినవారు. అయినా గేటు దగ్గరిచ్చిన దరఖాస్తులో "గుట్టతో పూర్వపరిచయం" అన్నదానికి ఎదురుగా "లేదు" అన్న ఒక్క జవాబే అచ్చయి ఉంది. మామగారు బుద్ధిగా దాని కిందే సంతకం పెట్టారు.

గైడు అమ్మాయి చక్కగా చెప్పుకొచ్చింది. "ఈ పడమటి వాలు చూడండి. ఆనాటి శ్రామికుల సౌందర్యదృష్టికి నిదర్శనం."

"కాదమ్మా," అన్నారు మామగారు. "ఆ రోజు తొట్టికి బ్రేకు పడలేదు. దాంతోపాటు నేనూ దొర్లాను."

"సార్, దయచేసి వారసత్వాన్ని కించపరచకండి."

(కించపరిస్తే ఏం చేయాలో నియమావళి పన్నెండో పేజీలో ఉందట. ఆ పేజీ ఇంకా అచ్చుకు వెళ్లలేదు.)

బయటికొచ్చే దారిలో దుమ్ము తనిఖీ. వారసత్వ సంపదను రవ్వంత కూడా బయటికి తీసుకుపోరాదు కనుక, కాపలాదారు కుంచెతో మా చెప్పులు దులిపి, ప్యాంటు మడతలు విప్పి చూసి, ఇక వెళ్లమనబోయాడు. సరిగ్గా అప్పుడే మామగారికి దగ్గు తెర వచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు తీసేసరికి దానిమీద నల్లటి మరక.

"ఇదెక్కడిది పెద్దాయనా?"

"ఇక్కడిదే నాయనా. పని మానేసి తొమ్మిదేళ్లయినా ఇంకా వస్తూనే ఉంది."

వారసత్వ దుమ్ము పర్యవేక్షణాధికారి పరుగున వచ్చారు. భూతద్దంతో రుమాలును అటూ ఇటూ చూసి తేల్చేశారు. "సందేహమే లేదు. మా గుట్టదే. ఇచ్చేయండి."

మామగారి ముఖం వెలిగిపోయింది. గని ఆసుపత్రిలో వైద్యం అందాలంటే ఛాతీలోని దుమ్ము గనిదేనని రుజువు కావాలి. కాదని వైద్యమండలి తొమ్మిదేళ్లుగా అంటోంది. (సుద్దముక్కల పొడి కావచ్చునని ఒకసారి రాసింది. మామగారు బడికి వెళ్లింది మూడో తరగతి దాకా.)

"ఆ ముక్క కాస్త కాగితం మీద రాసివ్వండి బాబూ," అన్నారాయన.

అధికారి ఉదారులు. "వీరి ఛాతీనుండి వెలువడిన దుమ్ము నిస్సందేహంగా ఈ గనిదే. స్వాధీనపరచుకోవడమైనది" అని రాసి, ముద్ర కొట్టి, రుమాలు పుచ్చుకున్నారు. ఇంటికొచ్చేదాకా మామగారు జేబు తడుముకుంటూనే ఉన్నారు. "అల్లుడూ, ఇన్నాళ్లకు నా దగ్గును నమ్మేవాడు దొరికాడయ్యా," అన్నారు.

కాగితం జత చేసి దరఖాస్తు పంపాం. ఈసారి వైద్యమండలి వారంలోనే జవాబిచ్చింది:

"దుమ్ము గనిదేనని అంగీకరిస్తున్నాము. అయితే, సదరు దుమ్మును వారసత్వ శాఖ ఇప్పటికే స్వాధీనపరచుకున్నందున, ప్రస్తుతం మీ ఛాతీలో ఏమీ లేదు."