లింగమ్మ హాజరు

చనిపోయినవారు సంతకానికి రాకపోవడం నిర్లక్ష్యం కిందికే వస్తుందని తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో ఎప్పుడో తేలిపోయింది. ఆ నిర్లక్ష్యానికి జవాబుదారు భర్త. అందుకే మెట్టుగూడ నుంచి లక్ష్మయ్యను పిలిపించారు.

మూడేళ్ల కింద లక్ష్మయ్య, లింగమ్మ ఆలుమగలిద్దరికీ డెంగీ వచ్చింది. తగ్గాక ఇద్దరూ పరిశోధనకని రక్తం ఇచ్చారు. శిరీష అనే పరిశోధక విద్యార్థిని ఓపిగ్గా చెప్పింది. యాంటీబాడీలు తయారుచేసే బి కణాల్లో ఆ యాంటీబాడీల జన్యువులు తప్ప మిగతా జన్యువుల రాత మారదట. జ్వరం వచ్చిపోయాక ఏది తెరవాలో, ఏది మూసి ఉంచాలో గుర్తులు మాత్రం పడతాయట. అదే జ్వరం మళ్ళీ వస్తే కణం ఎవరినీ అడగకుండా పని మొదలుపెడుతుందట. (యూనివర్సిటీ ఆవరణలో అలా జరిగేది ఆ ఒక్కచోటే.)

"అంటే పగ పట్టి కూసుంటదన్నట్టు, మా ఆయన లెక్క," అంది లింగమ్మ.

నిరుడు గుండె ఆగి లింగమ్మ పోయింది. ఆమె కణాలు మాత్రం ల్యాబులో, చలిపొగలు కక్కే సిలిండర్‌లో, ప్రాణంతోనే ఉన్నాయి. ఇచ్చినామె శుక్రవారంలోగా స్వయంగా వచ్చి సమ్మతి పొడిగించకపోతే వాటిని పారబోస్తారు.

సమ్మతి పొడిగింపు విభాగపు ఉపసహాయకుడు దివాకర్ ఫారం చూపించాడు. రెండే గళ్లు: వచ్చారు, రాలేదు. పోయినవారికి ఇంకో గడి కావాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీలో ఒకాయన పోయాడు. ఆయన రాజీనామా ఇంకా అందలేదు.

"ఆమె యాడికి పోలె సారూ. మీ సిలిండర్లనే ఉన్నది," అన్నాడు లక్ష్మయ్య.

దివాకర్ కోపగించుకోలేదు. నిబంధనలు తిరగేశాడు. మనిషి ప్రాణంతో ఆవరణలో ఉంటే చాలని ఉంది. ఎంత మేరకు ఉండాలో లేదు. 'వచ్చారు' గడిలో టిక్కు పెట్టాడు.

లక్ష్మయ్య తార్నాక చౌరస్తాలో బస్సెక్కబోతుంటే ఫోనొచ్చింది. వెనక్కి రమ్మన్నారు. ఆయన తన రక్తం కోసం ఇచ్చిన పొడిగింపు ఫారంలో భార్య లేదని రాశాడు. రికార్డు ప్రకారం భార్య ఉంది, ఇందాకే వచ్చింది కూడా. ఇద్దరిలో ఒకరిది అబద్ధం. అబద్ధమాడినవారి రక్తం పరిశోధనకు పనికిరాదు.

"ఎవరిది తీసెయ్యాలె పెద్దాయనా?" దివాకర్ పెన్ను మూత తీశాడు.

"నాది పారబొయ్యి."

పెళ్లాం బతికుండగానే పోయిందని అబద్ధమాడానని లక్ష్మయ్య రాసిచ్చాడు. ఊరి బడిలో దిద్దిన గుండ్రటి అక్షరాలు. కొట్టివేతల్లేవు.

శిరీష గేటు దాకా పరుగెత్తుకొచ్చింది. ఇది అన్యాయమని, పైవాళ్లతో మాట్లాడతానని అంది.

"పైవాళ్లు ఏమన్న అడిగితే హాజరైనామెను అడగమను బిడ్డా. నేనైతే ఈ ముచ్చట మళ్ల ఎత్త."