ముక్కు కింద గాడి

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి, మోకాళ్ళ నొప్పులతో పాటు. ఒక్క వాక్యం రాయడానికి క్యాబేజీ ఉప్పులో మెత్తబడేంత సేపు పడుతుంది. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి. సియోల్‌లో జరిగిన సంగతులు ఆ పిల్ల చెప్పగా విన్నవి, అదీ ఆమె నోరు బాగా తెరవగలిగిన తర్వాత.

ఆ శనివారం ఉదయం యున్సుల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గుమ్మడికాయ జావ చెంచాతో తాగాలి. అద్దంలో చూసుకోవాలి. మళ్ళీ పడుకోవాలి. ముందురోజే ఆమెకు ముక్కు కింద కుట్లు విప్పారు.

యున్సుల్ కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది. రోజంతా ఎవరో ఒకరు జానెడు దూరం నుంచి ఆమె మొహం చూస్తూనే ఉంటారు. ముక్కు నుంచి పెదవి అంచు దాకా ఆమె పై పెదవి మరీ పొడుగు. బళ్ళో పిల్లలు గుర్రం అని పిలిచేవారు. ఎంత నవ్వినా పళ్ళు కనిపించవు, ఫొటోల్లో ఎప్పుడూ అలిగినట్టే ఉంటుంది. వసంతంలో పెళ్ళి ఫొటోలు తీయించుకోవాలి. మచ్చ ఎరుపు తగ్గడానికి నెలలు పడుతుందని విని, చలికాలం మొదట్లోనే వెళ్ళి పై పెదవి పొట్టి చేయించుకుంది. ముక్కు అంచు వెంట ఎద్దు కొమ్ముల ఆకారంలో సన్నటి చర్మపు పట్టీ తీసేసి, పెదవిని పైకి లాగి కుడతారు. మచ్చ ముక్కు నీడలో దాక్కుంటుంది.

"ఇంకొంచెం తగ్గించండి డాక్టర్ గారూ," అని ఆమె బతిమాలింది.

"ఇంకొంచెం తీస్తే నిద్రలో కూడా నీ నోరు మూతపడదు. చిగుళ్ళు చూపించుకుంటూ పెళ్ళి చేసుకుంటావా?" అంది డాక్టరమ్మ. "కోసింది మళ్ళీ అతికించలేనమ్మా. తక్కువైతే మళ్ళీ రావచ్చు, ఎక్కువైతే నేనేం చెయ్యలేను." కుట్లు విప్పాక గాయం మీద సన్నని పట్టీలు అంటించి మరీ చెప్పింది. "పెద్దగా నవ్వద్దు. స్ట్రా పెట్టుకుని తాగద్దు. ఆవలింతొస్తే చెయ్యి అడ్డం పెట్టుకో. బరువులెత్తద్దు, వాపు ఎక్కువవుతుంది. పెద్ద ముద్ద మాత్రం అసలే వద్దు. నోరు సాగిందో, మచ్చా సాగుతుంది."

జావ సగం కూడా అవలేదు, ఫోన్ మోగింది. కాబోయే అత్తగారు మిహ్యాంగ్.

"అమ్మాయ్, సోమవారం నుంచి గడ్డకట్టే చలట! చలికాలానికి క్యాబేజీ కిమ్చీ రేపే పెట్టేస్తున్నాం. పొద్దున్నే వచ్చెయ్యండి ఇద్దరూ."

"అత్తయ్యా, నాకు కొంచెం జలుబు..."

"కారం తగిలితే అదే పోతుంది. విను, మీ ముహూర్తం సంగతి మా అత్తగారు ఇన్నాళ్ళూ నానుస్తోంది కదా? రేపు తేల్చేస్తానంది! నాకు భయం లేదులే. నిన్ను చూసిన రోజు నీ మూతి వంక అంతసేపు చూసి, 'ఎంత పొడుగో' అంది. ఆవిడ నోట అంతకు మించిన మెప్పు లేదు. ముక్కు కింద గాడి ఎంత పొడుగైతే ఆయుష్షు అంత పొడుగు. నీ గాడే నీకు అండ!"

యున్సుల్ చేతిలోని చెంచా జావలో మునిగిపోయింది.

ఆ అత్తగారి అత్తగారిని ఊరంతా ఉల్జిన్ అవ్వ అంటారు, పుట్టింటి ఊరు ఉల్జిన్ కాబట్టి. మొహం చూసి మనిషి జాతకం చెప్పడంలో ఆమెకు పెద్ద పేరు. సంతలో దూడను కొనేవాళ్ళు కూడా ఒకసారి అవ్వకు చూపించి కొంటారు. ఆమె తల ఊపకుండా ఆ ఇంట్లో ఇంతవరకు పెళ్ళి జరగలేదు.

మర్నాడు తెల్లవారుతూనే కాబోయే మొగుడు జేహా కారు అతని ఊరున్న యంగ్‌యాంగ్ వైపు పరుగెత్తింది. పెద్ద నల్ల మాస్కు వెనక యున్సుల్ పెదవి కదపకుండా మాట్లాడుతోంది.

"మీ అమ్మకి నా గురించి ఏం చెప్పావ్?"

"పన్ను పీకించుకున్నావని."

"నేను జలుబని చెప్పాను కదా!"

"మనిషన్నాక రెండూ ఉండకూడదా?"

"జేహా, మీ నాయనమ్మ మెచ్చుకున్నది నాలో ఒక్కటే. అది నేను సియోల్‌లో చెత్తబుట్టలో వదిలేసి వస్తున్నాను."

జేహా వేగం పెంచాడు.

పెరట్లో అప్పటికే ఉప్పు క్యాబేజీలు కొండలా పేర్చి ఉన్నాయి. నీలిరంగు పరదా మీద కారం ముద్ద ఎర్రగా నిగనిగలాడుతోంది. రబ్బరు తొడుగులు వేసుకున్న ఆడవాళ్ళు మోచేతుల దాకా ఎర్రబడ్డారు. పులియబెట్టిన చేపల రసం డబ్బా మూత తీసీ తీయగానే ఆ ఘాటుకు యున్సుల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుమ్ము వస్తే కొంప మునుగుతుందని వెంటనే మొహం తిప్పుకుంది. పక్కింటి పుంగి పిన్ని అది చూసింది. పుంగి పిన్ని చూడనిది ఆ ఊళ్ళో జరగదు.

"ఏమ్మా, వాసన పడట్లేదా? తినడానికేమన్నా పెట్టనా?"

"వద్దండీ. జావ తాగి వచ్చాను. జావే తాగుతున్నా."

"అమ్మాయ్, ఆ తొట్టి ఇలా అందుకో," అంది మిహ్యాంగ్.

"అమ్మా! తను బరువెత్తకూడదు!" అని అరిచాడు జేహా.

పెరట్లో చేతులన్నీ ఆగిపోయాయి. పుంగి పిన్ని ఒక్కొక్కటే కూడింది. "వాసన పడట్లేదు. జావే తాగుతోంది. బరువెత్తకూడదు. ఓహో!"

మిహ్యాంగ్ మొహం దీపంలా వెలిగింది. లోపలికి పరుగెత్తి మెత్తని దిండు తెచ్చి యున్సుల్ కింద వేసింది. ఇంకో దిండు తెచ్చి వీపుకు ఆనించింది.

ఇంతలో ఉడికిన పంది మాంసం పొగలు కక్కుతూ వచ్చింది. కిమ్చీ పెట్టే రోజు అందరూ ఎదురుచూసేది దీనికోసమే. లేత క్యాబేజీ ఆకులో మాంసం ముక్క, దాని మీద కొత్త కారం పెట్టి, పిడికిలంత చుట్టి పక్కవాళ్ళ నోట్లో పెట్టాలి. తినేవాళ్ళు ఒక్కసారిగా నోట్లో పెట్టుకోవాలి. సగం కొరికితే పెట్టినవాళ్ళను అవమానించినట్టే. యున్సుల్ వైపు వచ్చిన ప్రతి ముద్దకూ జేహా అడ్డంపడి నోరు తెరిచాడు. కాసేపటికి అతని రెండు బుగ్గలూ కొబ్బరికాయల్లా ఉబ్బాయి.

మిహ్యాంగ్ అతని చెవి దగ్గర గుసగుసలాడింది. "నిజం చెప్పరా. నేను నాయనమ్మను అవుతున్నానా?"

కాదని చెప్పబోయిన జేహాకు ముద్ద అడ్డంపడింది. ఊపిరాడక తల పైకీ కిందికీ గబగబా ఆడించాడు. మిహ్యాంగ్ ఆనందం పట్టలేక తొడుగులతోనే కళ్ళు తుడుచుకుంది. కారం కళ్ళలో పడి నిజంగానే ఏడ్చింది. పుంగి పిన్ని అప్పటికే ఊరిపెద్ద ఇంటివైపు పరుగు తీసింది. ఊరందరికీ వార్తలు చెప్పే మైకు ఆయన ఇంట్లోనే ఉంటుంది మరి.

అప్పుడు లేచింది ఉల్జిన్ అవ్వ. అంతసేపూ ఆమె ఓ మూల కూర్చుని ఒక ముద్ద చుడుతోంది. అది పిడికిలంత లేదు. పసివాడి తలంత ఉంది.

"అమ్మాయ్. ఇద్దరికి సరిపోయేలా చుట్టాను. ఆ అను."

జేహా ముందుకు వచ్చాడు. "నాయనమ్మా, నేను..."

"నువ్వు తప్పుకో. నువ్వు మోస్తున్నావా ఏంటి?"

అందరూ చూస్తున్నారు. ముహూర్తం ఆ ముద్దలోనే ఉందన్నట్టు చూస్తున్నారు. యున్సుల్ రెండు చేతులతో దాన్ని అందుకుంది, మర్యాదగా పక్కకు తిరిగింది, మాస్కు అంచు కింద నుంచి ముద్దను లోపలికి తోసింది. ముద్ద నోట్లోకి వెళ్ళలేదు. మాస్కులోనే ఉండిపోయింది. దవడలు మాత్రం ఆడిస్తూ నమలడం మొదలుపెట్టింది.

"ఎలా ఉంది?" అంది అవ్వ.

యున్సుల్ బొటనవేలు పైకెత్తింది. అదే క్షణంలో కారం రసం పట్టీల కిందికి, గాయంలోకి జారింది. ఆ మంటకు ఆమె కళ్ళలోంచి ధారలు కారాయి. మాస్కు అంచుల నుంచి చుబుకం మీదుగా తెల్లటి చొక్కా మీదకి ఎర్రగా చుక్కలు పడసాగాయి.

ఊరిపెద్ద ఇంటి నుంచి అప్పుడే తిరిగివచ్చిన పుంగి పిన్ని గుమ్మంలోంచి అది చూసింది. "రక్తం! పిల్ల రక్తం కక్కుతోంది!" అని కేక పెట్టి, వచ్చిన దారినే మళ్ళీ పరుగెత్తింది.

వీధి స్తంభం మీది లౌడ్‌స్పీకరు గరగరలాడింది. "ఊరి ప్రజలకు మనవి. ఉల్జిన్ అవ్వ ఇంట శుభవార్త. మనవడికి కాబోయే భార్య కడుపుతో ఉంది. అందరూ వెళ్ళి... ఆగండి, ఏంటి పిన్నీ? ఆఁ? అలాగే, అదే ఇంట రక్తం. కారు ఉన్నవాళ్ళు కారుతో రండి. లేనివాళ్ళు ట్రాక్టరుతో రండి."

ఊరు వచ్చింది. ఎవరి పెరట్లో పని వాళ్ళు అక్కడే వదిలేసి, ఎర్రటి తొడుగులతో, హత్య చేసినవాళ్ళ ఊరేగింపులా వచ్చింది. ఒకాయన దుప్పటి తెచ్చాడు. ఒకావిడ పుట్టబోయేవాడికి మేజోళ్ళు తెచ్చింది. మిహ్యాంగ్ దిండు పట్టుకుని గుండెలు బాదుకుంటోంది. జేహా ఇంకా నములుతూనే ఉన్నాడు.

"అందరూ కాస్త నోరుముయ్యండి!" అంది ఉల్జిన్ అవ్వ.

ఆమె వచ్చి యున్సుల్ చెవుల వెనక నుంచి మాస్కు తీసింది. పసివాడి తలంత ముద్ద, చెక్కుచెదరకుండా, ఆమె అరచేతిలో పడింది.

"ఇది రక్తం కాదు. నేను కలిపిన కారం," అంది అవ్వ.

కానీ అప్పటికి ముద్దను ఎవరూ చూడటంలేదు. పెరడంతా యున్సుల్ మొహం చూస్తోంది. ముక్కు అంచు వెంట, తడిసి ఊడిపోతున్న పట్టీల కింద, ఎర్రటి గీత. దాని కింద పొట్టిగా, వాచి, కొత్తగా ఉన్న పై పెదవి.

మిహ్యాంగ్ క్యాబేజీల మీద కూలబడింది. "గాడి ఏది? గాడి ఏమైంది పిల్లా? ఆయుష్షు కోయించుకున్నావా?"

"ఫొటోల్లో నవ్వాలనుకున్నాను అత్తయ్యా," అంది యున్సుల్. ఇక దాచేది ఏమీ మిగల్లేదు. "పెళ్ళినాడైనా అలిగినట్టు కాకుండా ఉండాలనుకున్నాను. దానికి మీరు ఇంత అర్థం పెట్టుకున్నారని నాకు నిన్ననే తెలిసింది. అవ్వా, తప్పే. కానీ ఇప్పుడు మళ్ళీ అతికించలేరట."

జేహా చివరికి మింగేశాడు. "నాయనమ్మా, ఆ డాక్టరమ్మ దగ్గరికి కారు నేనే నడిపాను. వద్దంటే మా ఇద్దరికీ కలిపి వద్దను."

అవ్వ తొడుగులు విప్పింది. గోరువెచ్చని నీళ్ళు తెప్పించి, మెత్తటి గుడ్డతో ఆ పిల్ల చుబుకం తుడిచింది. గాయం మీది కారాన్ని రుద్దకుండా నీళ్ళు పోసి కడిగించింది. తర్వాత శుభ్రమైన చాప్‌స్టిక్ ఒకటి తీసి, తగలకుండా, యున్సుల్ ముక్కు నుంచి పెదవి దాకా పట్టి చూసింది. గోటితో గుర్తు పెట్టుకుంది. అదే చాప్‌స్టిక్‌ను జేహా మూతి మీద పెట్టింది. గుర్తు సరిగ్గా అతని పెదవి అంచున నిలబడింది.

అవ్వ పగలబడి నవ్వింది. పళ్ళు తక్కువ కాబట్టి ఆ నవ్వు చాలా దూరం వినిపించింది.

"ఎంత పొడుగో అంటే మెచ్చుకున్నాననుకున్నారా మీరంతా? నాకు గుండె ఆగినంత పనైంది! మావాడిది చూడండి, అచ్చం వాళ్ళ తాతది, గింజంత. ఈ పిల్లది చూస్తే నాదంత. నాది పొడుగని ఊరంతా మెచ్చుకుంటారు. ఆ పొడుగుతో నేనేం చేశాను? ఆయన పోయాక ఎన్ని చలికాలాలు ఈ పెరట్లో ఒక్కదాన్నే కారం కలిపానో! ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే మనిషి లేడు. ఈ పిల్లకి కూడా నా చేతులతో అలాంటి ముహూర్తమే పెట్టమంటారా? అందుకే నాన్చాను." ఆమె చాప్‌స్టిక్ పైకెత్తి అందరికీ చూపించింది. "ఇప్పుడు సరిపోయింది. ఒకరు పోయాక ఇంకొకరు ఒంటరిగా ఎక్కువకాలం ఉండరు. వసంతంలో చెర్రీలు పూసే వారంలో పెళ్ళి!"

ఎవరూ ఊపిరి పీల్చుకోకముందే పుంగి పిన్ని చిన్న గొంతుతో అడిగింది. "మరి... కడుపు?"

"ఎవరికి?" అంది యున్సుల్.

ఊరిపెద్ద తల గోక్కుంటూ ఇంటికి వెళ్ళాడు. కాసేపటికి మైకు మళ్ళీ గరగరలాడింది. "ఊరి ప్రజలకు మనవి. ఇందాకటి రెండు వార్తలూ రద్దు. మేజోళ్ళు ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళండి."

పెరడంతా నవ్వింది. యున్సుల్‌కు కూడా నవ్వు ఆగలేదు.

"నవ్వకు పిల్లా! చెయ్యి అడ్డం పెట్టుకో," అని అరిచింది అవ్వ, అచ్చం సియోల్ డాక్టరమ్మలాగే. తర్వాత పక్కన కూర్చుని, మాంసాన్ని గోరంత ముక్కలు చేసి, కారం లేకుండా, ఒక్కొక్కటీ ఆ పిల్ల నోట్లో పెట్టింది. కిమ్చీ పెట్టే రోజున అంత చిన్న ముద్ద ఆ ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

వసంతం నాటికి ఎర్రటి గీత లేత గులాబీ రంగుకు తిరిగింది. ఫొటోలో యున్సుల్ పళ్ళు నాలుగు కనిపిస్తున్నాయి.

కిమ్చీ పెట్టిన ఆ ఆదివారం సాయంత్రం మాత్రం ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ చాప్‌స్టిక్ పట్టుకుని ఆడవాళ్ళు మొగుళ్ళ మూతులు కొలిచారు. తన మొగుడిది తనదానికంటే బాగా పొడుగని తేలాక, పుంగి పిన్ని చాలా రోజులు అతనికి చల్లన్నమే పెట్టింది.

నామ్ మల్‌సుక్, ఎనభై నాలుగేళ్ళు. ఉండేది యంగ్‌యాంగ్ దగ్గర, మనవడి పెళ్ళి ఫొటో తగిలించిన గదిలో. పేరు చెప్పి అడిగితే ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఉల్జిన్ అవ్వ అని అడగండి.