పెడల్ నాడి

తొంభైల మొదట్లో కంఠేశ్వర్‌లో కారు కొన్న మాస్టారు సత్యానందం ఒక్కడే. అది పాతదే అయినా ఆయన గర్వం కొత్తది. పెడల్ మీద కాలు పెడితే చాలు, బండి రోగం చెప్పేయగలనని ఆయన నమ్మకం.

ఆ ఆదివారం బోధన్ చర్చిలో కోతల పండుగ. ప్రసంగం చెప్పాల్సిన పాస్టర్ వీరస్వామి గారిని తన కారులోనే తీసుకెళ్తానని సత్యానందం మాటిచ్చాడు. వెడల్పాటి కొత్త బూట్లు తొడుక్కుని, భార్య రూతమ్మతో, పాస్టర్ గారితో పొద్దున్నే బయల్దేరాడు.

మొదటి మలుపులో బ్రేకు తొక్కితే ఇంజన్ గర్జించింది.

"బ్రేకులల్ల గాలి పట్టింది," అన్నాడు సత్యానందం.

యాక్సిలరేటర్ తొక్కితే కారు ఎగిరెగిరి ఆగింది.

"క్లచ్ ప్లేట్ అరిగింది. నా కాలుకు అన్నీ తెలుస్తయి పాస్టర్ గారూ!"

వెనక సీట్లో పాస్టర్ గారు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన మొదలైందనుకుని రూతమ్మ కూడా మూసుకుంది.

ఆ గర్జన విని, వెనక లారీ వస్తోందనుకుని చెరుకు బండ్లవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ఎడపల్లి దగ్గర మెకానిక్ నర్సింలు చెప్పుల కాళ్ళతో ఒక చుట్టు నడిపి చూశాడు.

"ఏం కాలె సారూ. మంచిగ ఉర్కుతున్నది."

"నీ కాలుకు తెల్వదు," అని సత్యానందం ఎక్కి తొక్కాడు. కారు ఒక్క గంతేసి షెడ్డు ముందున్న టైర్ల గుట్టను కూల్చింది.

నర్సింలు రెండడుగులు వెనక్కి వేశాడు. "అరె, గిది మనిషిని సూసి మారుతున్నది సారూ!"

ఆ మాట పాస్టర్ గారి మనసులో నాటుకుపోయింది. బోధన్‌లో దిగగానే, "ముందు ఈ కారు కోసం ప్రార్థన చేద్దాం," అన్నారు. సంఘమంతా చుట్టూ నిలబడి చేతులు చాపింది.

ఆరాధన ముగిశాక, తన ట్రాక్టర్‌కు దారి కావాలని ఆశన్న అనే రైతు తొందరపెట్టాడు. మెట్ల దగ్గర విడిచిన బూట్లు వేసుకోకుండానే సత్యానందం కారెక్కాడు. కారు మెత్తగా కదిలింది. ఆగమన్న చోట ఆగింది.

"దేవుడు మన ప్రార్థన విన్నడు!" అని ఆశన్న అరిచాడు. చప్పట్లు మోగాయి. సత్యానందం ఛాతీ ఉప్పొంగింది.

బూట్లు తెచ్చిన రూతమ్మ, భర్త వట్టి పాదాన్నీ చేతిలోని బూటు అడుగునూ మార్చి మార్చి చూసి, కిటికీలోంచి గుసగుసలాడింది. "ఏమండీ, ఈ బూటు బ్రేకునూ యాక్సిలరేటర్‌నూ ఒక్కసారే తొక్కుతున్నది. రోగం బండికి కాదు."

సత్యానందం బయట నిలబడ్డ జనాన్ని చూశాడు.

"నేను పొద్దున్నుంచే చెప్తున్న కదా," అన్నాడు అందరికీ వినబడేలా, "రోగం పెడల్ దగ్గరనే ఉన్నదని!"

ఆలోపే ఆశన్న ట్రాక్టర్ ఆపేశాడు. దాని వెనక రెండు స్కూటర్లు, ఒక నీళ్ళ మోటారు ప్రార్థన కోసం వరస కట్టాయి. సాయంత్రం అన్నీ ముగిశాక సత్యానందం గర్వంగా కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

పాస్టర్ గారు బస్సెక్కారు.