తప్పుల్లేని డోయినా

మనిషి నోరు కట్టెయ్యాలంటే తాళంకప్ప అక్కర్లేదు. యూనివర్సిటీలో ఇటాలియన్ వ్యాకరణం, మొదటి మెట్టు క్లాసులో చేర్పిస్తే చాలు! వెటకారం అనుకోకండి. ఈ గోల లోకంలో నోరు మూయించే విద్యను మించిన విద్య ఏముంది?

నా పై అంతస్తులో ఉండే డోయినానే తీసుకోండి. వాళ్ల దేశం మోల్దోవాలో నర్సు. మూడేళ్లుగా ఇటలీలో, మా అంబ్రియా కొండ మీది ఊళ్లో ఎనభై నాలుగేళ్ల అర్జియాను కనిపెట్టుకుని ఉంటోంది. భాష ఎక్కడ నేర్చిందంటే వంటింట్లో, ఆ ముసలావిడతో పోట్లాడి! మా ఊరి రొట్టెలో ఉప్పు వెయ్యరు. దాని మీద రోజూ మధ్యాహ్నం భోజనం దగ్గర యుద్ధమే.

"అవ్వా, ఇది రొట్టెనా, దూదా? మీ ఊళ్లో ఉప్పుకి కరువొచ్చిందా?"

"నోర్ముయ్యవే పిల్లా! ఉప్పు తిన్న మీవాళ్లు ఎంతమంది ఎనభై నాలుగేళ్లు బతికారేం?"

కింద నా నిద్ర గోవిందా! డోయినా మాటల్లో వాక్యానికి నాలుగు తప్పులు. అయినా ఇద్దరికీ అంతా అర్థమైపోయేది. ఎంత అనాగరికం!

నా అదృష్టం బాగుండి, నర్సు ఉద్యోగానికి భాషా సర్టిఫికెట్ కావాలన్నారు ఆస్పత్రివాళ్లు. డోయినా క్లాసులో చేరింది. ప్రొఫెసర్ తార్చీజియో మొదటి రోజే సెలవిచ్చాడట, "తప్పుగా మాట్లాడటం కన్నా మాట్లాడకపోవడం మేలు" అని. బంగారంలాంటి మాట! రెండో నెలకల్లా "అవ్వా, నువ్వు" పోయి "అమ్మగారూ, తమరు" వచ్చింది. మూడో నెలకి రొట్టె ఊసే లేదు. ఏ కాలం, ఏ లింగం, ఏ వచనం అని చూసుకునేలోపు నోరు దానంతటదే మూతపడేది. నాకు మధ్యాహ్నం కమ్మటి నిద్ర!

పరీక్ష నోటితోనే, అదీ అందరి ముందు. ఎవరైనా వెనక కూర్చుని వినొచ్చు. ఇంట్లో ఒంటరిగా వదల్లేక అర్జియానూ తీసుకెళ్లింది, తోడుగా నన్నూ లాక్కెళ్లింది. డోయినా నియమాలన్నీ గడగడా అప్పజెప్పింది. వెనక అర్జియా ఉండబట్టలేకపోయింది.

"శభాష్ పిల్లా! ఆ కళ్లద్దాలాయన్ని ఇంక చాలించమను, ఆకలేస్తోంది!"

ప్రొఫెసర్ ఆ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఒక్క మాటలో మూడు తప్పులు. మీరైతే ఫెయిలే, అమ్మగారూ."

"ఫెయిలా? ఈ ఊళ్లోనే పుట్టాను. ఇన్నేళ్లూ నేను వాగింది ఏ భాషంటావు, నాయనా?"

దానికి ఆయన పుస్తకంలో నియమం లేదు. డోయినాకు మాత్రం ముప్పైకి ముప్పై, పైన ప్రశంస!

ఆ మధ్యాహ్నం నన్నూ భోజనానికి పిలిచారు. అర్జియా రొట్టెముక్క ఒకటి డోయినా పళ్లెంలో పెట్టి, కావాలనే కవ్వించింది.

"చూశావా? ఉప్పులేని రొట్టె తినే ముప్పై తెచ్చుకున్నావు!"

డోయినా ముఖం వెలిగింది. నోరు తెరిచింది. ఆగింది. కాలం చూసుకుంది, లింగం సరిచూసుకుంది. ముసలావిడ చెంచా చేత్తో పట్టుకుని, పోట్లాట కోసం ఆశగా కాచుకుని కూర్చుంది. చూసింది, చూసింది. చివరికి "అలిసిపోయావులే పిల్లా" అని, కర్ర అందుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

అప్పుడు చెప్పింది డోయినా, మెల్లగా, ఒక్క తప్పు లేకుండా: "అమ్మగారూ, తమరు ఈ రొట్టెలో కాస్త ఉప్పు వేయించి ఉంటే మరింత రుచిగా ఉండేది."

అద్భుతమైన వాక్యం. విన్నది నేనొక్కణ్ణే.

కిందికొచ్చి పడుకున్నాను. పైన చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. ఎంత దొర్లినా నిద్ర పట్టలేదు.