నోరులేని ఎలుక చేసుకున్న పుణ్యం

కడుపు కోసి కుట్టాక వచ్చే నొప్పి ఒక వరం! వరాలను నేను నమ్మను. అయినా ఈ ఒక్కదానికి మినహాయింపు ఇవ్వక తప్పడం లేదు.

నొప్పే లేకపోతే రోగికి తాను బతికి ఉన్నట్టు ఎలా తెలుస్తుంది? మల్కాజ్‌గిరి నుంచి బస్సులు మారి పరామర్శకు వచ్చిన బంధువులకు ఒక్క మూలుగైనా వినిపించకపోతే మర్యాదగా ఉంటుందా?

మా తార్నాక వీధిలో ఉండే సోమమ్మకు ఈ వరం పుష్కలంగా లభించింది. పేగు ఆపరేషన్ అయి ఆస్పత్రి వార్డులో ఉన్నది. అక్కడి నియమం మీకు తెలిసిందే. కడుపులోంచి గాలి పోయేదాకా గుక్కెడు నీళ్లివ్వరు. అందుకని భర్త రాజలింగం మొదలు ఎదురు మంచం రోగి అత్తగారి దాకా అందరూ ఆమెను గాలి పోయిందా అనే అడుగుతున్నారు. మొన్నటి ఎన్నికల ఫలితాల కోసం కూడా జనం ఇంత ఆత్రపడలేదు!

"గాలి సంగతి తర్వాత సారూ. గీ నొప్పికి ఒక్క సూది ఏయమని జర చెప్పుండ్రి," అన్నది చూడవచ్చిన నాతో.

ఆ మాట చేరవేస్తే, వార్డు చూసే డాక్టర్ శ్రీనివాసరావుగారు ఓర్పుగా వివరించారు. నొప్పి సహజమట. సూది వేస్తే పేగులు మొద్దుబారి, ఆ గాలి మరింత ఆలస్యమవుతుందట. ఆయన మాటలో సైన్సు ఉన్నది, కాదనను.

అయితే మా యూనివర్సిటీలో రంగనాథ్ అనే యువ పరిశోధకుడున్నాడు. చిట్టెలుకల కడుపు కోసి కుట్టి, కొన్నిటికి ఒక నొప్పి మందు, కొన్నిటికి మరొకటి ఇచ్చి, పేగుల వాపు ఎలా మారుతున్నదో చూస్తున్నాడు. ఒక మందు పేగులను నిద్రపుచ్చుతున్నదట. మరొకటి వాపునే తగ్గిస్తున్నట్టున్నదట. ఇంకా తేలలేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

ఎలుకకు నొప్పి ఉన్నదని ఎలా తెలుస్తుందని అడిగాను.

"అది నోటితో చెప్పదు కదా సార్. అందుకే కనిపెట్టుకుని ఉంటాము. వీపు వంచినా, మేత ముట్టకపోయినా నొప్పి ఉందనే లెక్క."

చూశారా, వంగిన ఒక చిన్న వీపుకు ఎంత గౌరవమో! ఈ వార్త మోసుకుని వార్డుకు పరుగెత్తి డాక్టరుగారికి చెప్పాను.

"అవి ఎలుకలండీ," అన్నారాయన. "మనుషుల సంగతి మనుషులను చూసే తేల్చాలి."

ఇంతకన్నా శాస్త్రీయమైన మాట ఉంటుందా? ఆ మాట అనేసి, సోమమ్మ వైపు చూడకుండానే పక్క మంచానికి వెళ్లిపోయారు.

లోపం ఎక్కడున్నదో నాకప్పుడు బోధపడింది. సోమమ్మకు మాటలు వచ్చు! నొప్పి అని నోరు తెరిచి చెప్పే ప్రాణిని ఎవరైనా పనిగట్టుకుని కనిపెట్టుకుని ఉంటారా? కనుక ఇకమీదట ఎలుకలా ఉండమని ఆమెకు సలహా ఇచ్చాను. చదువుకున్నవాణ్ణని నమ్మింది పాపం. గోడవైపు తిరిగి, వీపు వంచి, మోకాళ్లు ముడుచుకుని, పెదవి కొరుక్కుంటూ పడుకున్నది.

సాయంత్రం రౌండ్లకు వచ్చిన డాక్టరుగారు ఆమె మంచం దగ్గర ఒక్క క్షణం ఆగి, నర్సుతో తృప్తిగా అన్నారు:

"చూశావా? నొప్పి దానంతటదే తగ్గింది."