విదేశీ జిప్పు వద్దు, స్వదేశీ పిన్నీసు ముద్దు

విదేశీ జిప్పుల దిగుమతిని నిషేధించడం ఈ ముప్ఫై ఏళ్ళలో మన ప్రభుత్వం చేసిన మంచి పనులన్నిటిలోకీ మంచి పని. ఈ మాట నేను ప్యాంటుకి రెండు పిన్నీసులు పెట్టుకుని, చాలా నిటారుగా కూర్చుని రాస్తున్నాను. వంగి రాసే రోజులు పోయాయి.

కొందరు పాఠకులు నవ్వుతున్నారని తెలుసు. నవ్వండి, కానీ నిదానంగా నవ్వండి. మీ జాకెట్లకి ఉన్నవీ మా ఊరి జిప్పులే.

మొరావ నది ఒడ్డున మా ఊళ్ళో జిప్పుల ఫ్యాక్టరీ ఉంది. నిరుడు మార్చి నెలాఖరున రాజధాని బెల్‌గ్రేడ్ నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇటలీ జిప్పు గానీ, జర్మన్ జిప్పు గానీ ఇక సరిహద్దు దాటి లోపలికి రాకూడదు. మన పరిశ్రమ ఇంకా లేతది, చలిగాలి తగలకుండా కాపాడుకోవాలి అన్నారు. అప్పటికి మా ఫ్యాక్టరీ వయసు ముప్ఫై ఒక్క ఏళ్ళు. నిజమే కదా, కొందరు ఆలస్యంగా ఎదుగుతారు.

ఈ ఉత్తర్వు వల్ల జనంలో తెలివితేటలు ఎంత పెరిగాయో చూడండి. మా పై అంతస్తులో ఉండే దోబ్రిలా సరిహద్దు అవతల ఇటలీలోని ట్రియెస్టెకి వెళ్ళి కాఫీ గింజలు, సబ్బులు కొనుక్కుని రైల్లో వస్తోంది. సరిహద్దు దగ్గర కస్టమ్స్ అధికారి ఆమెను నిలబెట్టాడు.

"ఏమ్మా, ఒక్క లంగాకి పద్నాలుగు జిప్పులా?"

"మనిషిని లావు కదా బాబూ. ఒక్క వైపు నుంచి దిగితే ఎలా సరిపోతుంది?"

"లోపలి పొరకి కూడా ఉన్నాయే?"

"లోపల కూడా లావే."

అధికారి మర్యాదస్తుడు. పదమూడు కోసుకుని, ఆడమనిషి పరువు కోసం ఒకటి వదిలేశాడు. దోబ్రిలా ఆ ఒక్కటీ ఇంటికి తెచ్చి, అద్దాల బీరువాలో పింగాణీ కప్పుల పక్కన పెట్టుకుంది. ఇంతకు ముందు ఎవరైనా జిప్పుకి ఇంత గౌరవం ఇచ్చారా?

ఇరుగుపొరుగు సఖ్యత సంగతి చెప్పనే అక్కర్లేదు. మా బిల్డింగులో ఇదివరకు ఎవరి తలుపు వాళ్ళు వేసుకునేవారు. ఇప్పుడు ఉదయం ఏడయ్యేసరికి మెట్ల మీద ఆడవాళ్ళందరూ వీపులు తిప్పి వరసగా నిలబడుతున్నారు. "కాస్త పైకి లాగు తల్లీ" అని ఒకరు, "మీది ఊడింది, నాది పట్టేసింది, ఏం చేద్దాం" అని మరొకరు. పదేళ్ళుగా మాటల్లేని రెండు కుటుంబాలు ఒక గౌను దగ్గర కలిసిపోయాయి.

విద్యారంగం కూడా బాగుపడింది. మా భూగోళం మాస్టారు ఒబ్రెన్ తన పాత తోలు జాకెట్‌కి కొత్తగా మా ఊరి జిప్పు వేయించి తొడుక్కుంటే, అది మెడ దగ్గర పట్టేసింది. కత్తిరిద్దామని భార్య కత్తెర తెచ్చింది. "జర్మనీలో రెండేళ్ళు ఇటుకలు మోసి కొనుక్కున్న జాకెట్ ఇది. కావాలంటే నన్ను కత్తిరించు" అన్నాడాయన. పదకొండు రోజులు అందులోనే ఉన్నాడు. పన్నెండో రోజున జిప్పు తనంతట తానే ఊడింది. ఈ మధ్యలో ఆయన ఎడారుల పాఠం చెబుతుంటే, పిల్లలు ఆ ఎడారి వేడిని కళ్ళారా చూశారు.

ఇన్ని లాభాలు కనిపిస్తున్నా ఒప్పుకోని మనిషి ఒకరున్నారు. దురదృష్టవశాత్తూ ఆమె నా భార్య.

మిలుంకా ఆ ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు తనిఖీదారుగా పనిచేసింది. ప్రతి పెట్టెలోంచీ కొన్ని జిప్పులు తీసి, ఒక్కొక్కదాన్నీ ముప్ఫై సార్లు తెరిచి మూసేది. ఒక్క పన్ను తేడాగా ఉన్నా పెట్టె మొత్తం వెనక్కి పంపేసేది. మా జిప్పు అప్పట్లో కాస్త మొరటుది, ఇటలీది నాజూకుది. అయినా ఆ ట్రియెస్టె దర్జీలే మా జిప్పు అడిగి మరీ తెప్పించుకునేవాళ్ళు. మొరటుదే గానీ మొండిది అనేవాళ్ళు. మిలుంకా చూపుడువేలు కొస ఇప్పటికీ గట్టిపడే ఉంటుంది.

ఉత్తర్వు వచ్చిన వారానికే డైరెక్టర్ రాదిసావ్ మీటింగ్ పెట్టాడు. ఇక పోటీ లేదు కాబట్టి తనిఖీ అక్కర్లేదన్నాడు.

మిలుంకా లేచింది. "కామ్రేడ్ డైరెక్టర్, మరి పాడైన సరుకుని ఏం చెయ్యాలి?"

"పాడైన సరుకు అంటూ ఇక ఏమీ లేదు, కామ్రేడ్ మిలుంకా. అంతా స్వదేశీ సరుకే."

"కొన్నవాళ్ళు ఏమంటారు?"

"ఏమన్నా అననీ. అనేసి ఎక్కడికి పోతారు?"

ఎంత స్పష్టమైన ఆలోచనో గమనించారా? మర్నాటి నుంచి మిలుంకాకి రబ్బరు స్టాంపు ఒకటి ఇచ్చారు. దాని మీద 'మొదటి రకం' అని ఉంటుంది. వచ్చిన ప్రతి జిప్పుల పెట్టె మీదా ఆమె ఆ ముద్ర కొట్టాలి. వెనక్కి పంపే కష్టం లేదు, వేలు నొప్పి లేదు. నేను అభినందించాను. ఆ ముద్ర నా నుదుటి మీద కూడా కొడతానంది.

ఈ జూన్‌లో మంత్రిగారు ఫ్యాక్టరీ చూడటానికి వచ్చారు. బ్యాండు మేళం, పువ్వులు, కాల్చిన గొర్రె మాంసం, అన్నీ అమిరాయి. మా జిప్పుతో కుట్టిన నీలం జాకెట్ ఒకటి ఆయనకు బహుమతిగా ఇచ్చారు. మంత్రిగారు దాన్ని అక్కడే వేసుకుని, గడ్డం దాకా జిప్పు లాక్కుని, స్వావలంబన గురించి అరగంట మాట్లాడారు. చప్పట్లు కొట్టాం. ఆయన జాకెట్ విప్పబోయారు. జిప్పు రాలేదు.

"కొత్తది కదా, కాస్త బిగువుగా ఉంటుంది. అది నాణ్యతకి గుర్తు" అన్నాడు రాదిసావ్.

ఏం చెయ్యాలో తోచక మంత్రిగారు ప్రసంగాన్ని ఇంకో ఇరవై నిమిషాలు పొడిగించారు. ఎండ మండిపోతోంది. ఆయన ముఖం ముందు గులాబీ రంగుకీ, తర్వాత మా మిరపకాయల రంగుకీ తిరిగింది. రాదిసావ్ లాగాడు, డ్రైవర్ లాగాడు, బ్యాండులో బూర ఊదేవాడు కూడా వచ్చి లాగాడు. చివరికి ఎవరో "మిలుంకాని పిలవండి" అన్నారు.

మిలుంకా వచ్చి చూసింది. గుమాస్తా జేబులోంచి పెన్సిల్ తీసుకుని, దాని ములుకుతో జిప్పు పళ్ళ మీద రుద్దింది.

"గడ్డం పైకెత్తండి. ఊపిరి బిగపట్టండి. మాట్లాడకండి."

మంత్రిగారు ఆ రోజు మొదటిసారి మాట్లాడకుండా ఉన్నారు. రెండు నిమిషాల్లో జిప్పు దిగింది. ఆయన చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది.

"నీ ఉద్యోగం ఏమిటమ్మా?"

"ముద్ర కొడతానండీ. మొదటి రకం అని."

"దీన్ని ఎవరు పరీక్ష చేశారు?"

"ఎవరూ చెయ్యలేదు. ఆ పని నేను చేసేదాన్ని. మానిపించి ఏడాది దాటింది."

రాదిసావ్ గొర్రె మాంసం వైపు చూడటం మొదలుపెట్టాడు. మంత్రిగారు చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. ఆ సాయంత్రం మా ఆవిడ పాట పాడుకుంటూ వంట చేసింది.

మూడు వారాలకి బెల్‌గ్రేడ్ నుంచి ఉత్తరం వచ్చింది. ప్రభుత్వం మా ఊరి మొర ఎంత త్వరగా ఆలకిస్తుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. నిషేధం యథాతథంగా ఉంటుంది. అయితే మంత్రులకూ, అతిథులకూ ఇచ్చే దుస్తుల కోసం మాత్రం ఇటలీ జిప్పులు తెప్పించుకోవచ్చు. పరిశ్రమను కంటికి రెప్పలా కాపాడినందుకు రాదిసావ్‌కి పతకం. మిలుంకాకి పాత ఉద్యోగం.

అవును, తనిఖీదారుగానే. ఇటలీ నుంచి వచ్చే పెట్టెలకి. ఆమెకి ఒక సన్నటి ఆకురాయి కూడా ఇచ్చారు. జిప్పు మీద ఉన్న ఇటలీ పేరు అరగదీసేశాక, మా ఫ్యాక్టరీ పేరు కొడతారు. ఇంతకన్నా స్వదేశీ ఏముంటుంది?

మొదటి రోజు పని ముగించుకుని వచ్చి, చిక్కుడు గింజల పులుసు ముందు పెట్టుకుని కూర్చుంది. చెంచా ముట్టలేదు.

"ఎన్ని వెనక్కి పంపావు?" అని అడిగాను.

"ఒక్కటీ పంపలేదు."

"మరి సంతోషమే కదా?"

ఆమె చూపుడువేలిని బొటనవేలితో రుద్దుకుంది. "నిరుడు మార్చి దాకా," అంది, "ఇలాంటివి మేమే చేసేవాళ్ళం."

ఒక దేశభక్తురాలు అనాల్సిన మాటేనా ఇది? నిషేధం వల్ల కలిగిన లాభాలన్నీ ఆమె ముందు మరోసారి ఏకరువు పెడదామనుకున్నాను. పత్రికలో వాదించడం నా వృత్తి. అయినా ఆ పూట లేచి, చల్లారిన పులుసు మళ్ళీ వేడి చేసి తెచ్చాను.